బుధవారం లెక్క

మంగళవారం పొద్దున అత్తగారు కొట్టు షట్టర్ ఎత్తబోయి, పక్క గోడమీద ఎర్రగీత చూసి ఆగిపోయింది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. బెత్తెడు వెడల్పున నిలువు గీత, దాని పక్కన కొట్టు లోపలికి చూపిస్తూ ఒక బాణం. చూపుడువేలితో తాకి చూసి, అంటిన రంగును ఆ గోడకే తుడిచేసి, వెనకే నిలబడ్డ కోడలి వైపు తిరిగింది.

“మీ ఆఫీసు వాళ్ల పనేనా అమ్మాయ్ ఇది? గీత మాత్రం వంకర లేకుండా గీశారు,” అంది.

కోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ గీత వాళ్ల ఆఫీసుదే. ఆమె నగర ప్రణాళికా విభాగంలో ఇంజనీరు. అక్కడ ఆమెను చిన్నింజనీరు అంటారు, పైన పెద్దింజనీరు ఒకాయన ఉన్నాడు కనక. మనం మాత్రం కోడలనే అందాం. ఈ కథలో ఆమెకు ఆఫీసుతో ఎంత పనో అత్తగారితోనూ అంతే పని.

నిబంధన ప్రకారం ముందు కొట్లవాళ్లను పిలిచి సంగతి చెప్పాలి, వాళ్ల మాట వినాలి, తర్వాత నగరసభలో తీర్మానం కావాలి, ఆ తర్వాతే గోడలమీద గుర్తులు పెట్టాలి. రంగుపనివాళ్లు పక్క వీధిలో ఏవో గీతలు గీస్తూ, మూత తీసిన డబ్బా అలా ఉంచితే గడ్డకడుతుందని, ఈ వీధి కూడా పనిలో పనిగా కానిచ్చేశారు. తీర్మానం శుక్రవారం, గీత మంగళవారం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం.

వీధికి ఎడమవైపు కొట్లన్నీ ఆ గీతకు లోబడే ఉన్నాయి. తాళాలు చేసేవాడిది, అద్దాలు కోసేవాడిది, చెప్పులు బాగుచేసేవాడిది, చిట్టచివర అత్తగారి కుట్టుపని కొట్టు. రోడ్డు వెడల్పయితే ఇవన్నీ నేలమట్టం. తాళాలాయన వచ్చి, ఊరందరికీ తాళాలు చేసిపెట్టిన తన కొట్టుకే చివరికి తాళం పడుతోందని నవ్వుతూనే అన్నాడు గాని, కోడలి మొహంకేసి మాత్రం చూడలేదు. రోజూ పలకరించే మనిషి చూపు తప్పించుకుంటే ఎలా ఉంటుందో ఆ పొద్దున ఆమెకు తెలిసొచ్చింది.

అత్తగారు లోపలికి వెళ్లి మావగారి పెద్ద కత్తెరను తుడిచి, ఎప్పుడూ ఉండేచోటే పెట్టింది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని ఎవరిదో లాగు అంచు మడవడం మొదలుపెట్టింది. ఆవిడ నోట్లో సూదులుంటే ఇక మాటలుండవు. ఆ కొట్టు మావగారు తన చేత్తో ఇటుకలు మోసి కట్టుకున్నది. ఆయన పోయాక ఈవిడకు అదే దిక్కు, అదే కాలక్షేపం. దాన్ని తన ఆఫీసే కూల్చబోతోందన్న బాధ కోడలికి బస్సెక్కినా వదల్లేదు. ఎలాగైనా ఈ కొట్టు దక్కాలి అనుకుంది. ఎలాగో మాత్రం తోచలేదు.

*

అసలు ఆ రోడ్డు వెడల్పు చేయాలని ఎవరికి పుట్టింది అంటే, బుధవారానికి పుట్టింది.

ప్రణాళికా విభాగంలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ రోడ్డుమీద ఎన్ని బండ్లు పోతున్నాయో లెక్కపెట్టాలంటే బుధవారమే పెట్టాలి. సోమవారం సెలవు మత్తు దులుపుకుని జనం ఒక్కసారిగా రోడ్డెక్కుతారు. శుక్రవారం మధ్యాహ్నం నుంచే ఊళ్లకు పరుగులు. మంగళ, గురువారాలకు ఈ రెండింటి గాలీ కాస్త సోకుతుంది. బుధవారం ఒక్కటే మంచికీ చెడ్డకూ పోని మామూలు రోజు. ఈ సంగతి పెద్దింజనీరుకు ఆయన పై అధికారి చెప్పాడు, ఆయనకు ఆయన పై అధికారి. కూడళ్లలో కెమెరాలు వచ్చాక వాటికీ అదే నేర్పారు. వారమంతా కళ్లు మూసుకుని బుధవారం పొద్దున తెరుస్తాయి. కెమెరా చెప్పింది నిజమో కాదో చూడడానికి ఏడాదికోసారి మనుషులు కుర్చీలేసుకుని కూర్చుంటారు, అదీ బుధవారమే.

ఆ లెక్క ఏటేటా పెరుగుతోంది. సన్నటి గాజు తీగల మీద ఇంటర్నెట్ పల్లెలకు చేరాక, కంప్యూటర్ ముందు పనిచేసే వాళ్లంతా పొలోమని పల్లెలకు తరలిపోయారని చంటిపిల్లలకు కూడా తెలుసు. ఊళ్లో టు-లెట్ బోర్డుల్లేని వీధి లేదు. అయినా రోడ్డు మాత్రం నిండుతూనే ఉందని లెక్క చెబుతోంది. పెద్దింజనీరు దీనికి భలే అర్థం చెప్పాడు. ఇంతమంది పోయాకే రోడ్డు ఇలా ఉందంటే, పోయినవాళ్లు రేపు తిరిగొస్తే మన గతి ఏమిటి? ఈ మాట సభలో అందరికీ తెగ నచ్చింది. రోడ్డు రెండింతలు చేయాలన్నారు. చివరి లెక్క ఒకటి తెచ్చి ముందు పెడితే శుక్రవారం తీర్మానం అయిపోతుంది.

ఆ చివరి లెక్క పని కోడలికే పడింది. తోడుగా గొడుగు బాబాయి. ఆయన అదే విభాగంలో లెక్కలు పెట్టే పాత ఉద్యోగి, ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా గొడుగుతోనే తిరుగుతాడు గనక ఆ పేరు. తన ఇంటి వీధే గనక ఈ పని వేరేవాళ్లకు ఇవ్వమని ఆమె పెద్దింజనీరును అడిగింది కూడా. ఆయన కంప్యూటర్ తెరమీంచి, బుధవారానికి చుట్టాలుండరు, లెక్కపెట్టేది ఎవరైతేనేం అని కొట్టిపారేశాడు. ఆయనా పల్లెకు మకాం మార్చినవాడే. తెరమీద గంభీరంగా మాట్లాడుతుంటే వెనక కోళ్లు కూస్తుంటాయి.

బుధవారం తెల్లవారి ఇద్దరూ కూడలిలో మడతకుర్చీలు వేసుకున్నారు. అత్తగారి కొట్టు అక్కడికి కనిపిస్తూనే ఉంటుంది. లెక్కపెట్టడం చూడడానికి తేలికే గాని, చూపు ఒకచోట, బొటనవేలు ఒకచోట ఉండాలి. ఎడమచేతిలోని మీటర్ మీట నొక్కితే రెండుచక్రాల బండి, కుడిచేతిలోది నొక్కితే కారు. బస్సులకూ లారీలకూ బాబాయి పెన్సిల్‌తో గీతలు పెడతాడు. మాట్లాడకూడదు, తుమ్మొచ్చినా బండి పోయాకే తుమ్మాలి. ఆ పొద్దున కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పాకుతున్నాయి. హారన్ల మోతకు బాబాయి చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఆమె బొటనవేళ్లు రెండూ కందిపోయాయి. మీట నొక్కిన ప్రతిసారీ అత్తగారి గోడ నుంచి ఒక ఇటుక తనే పీకుతున్నట్టు అనిపించసాగింది.

మధ్యలో అటు చూస్తే కొట్టు ముందు వరస కట్టి ఉన్నారు. బొత్తాం ఊడినవాళ్లు, జిప్పు చెడినవాళ్లు, కోటు బిగుతైనవాళ్లు. అత్తగారు మెడలో కొలతల టేపు వేసుకుని, కార్లోంచి దిగిన మనిషిని దిగినట్టే నిలబెట్టి కొలుస్తోంది. ఇంత బేరం ఉన్న కొట్టు పోతోందే అనుకుంది కోడలు.

ఇంతలో వాన మొదలైంది. జల్లు కాదు, కుండపోత. వానలో లెక్క చెల్లదు, వానరోజు మామూలు రోజు కాదు గదా. బాబాయి కాగితాలు చొక్కా లోపల దోపుకుని జన్మలో మొదటిసారి తన గొడుగు ఇంకొకరికి కూడా పట్టాడు. నిబంధన ప్రకారం మళ్లీ వచ్చే బుధవారం దాకా ఆగాలి. సభేమో శుక్రవారమే. ఆమె పెద్దింజనీరుకు ఫోన్ చేసింది. ఆయన ఆ వానలోనే, ఆ రోడ్డుమీదే, ఎక్కడో కార్లో ఇరుక్కుని ఉన్నాడు. వెనకవాడు హారన్ కొడుతుంటే విసుగ్గా, సరేనమ్మా, గురువారం పెట్టెయ్యి, మహా అయితే పదో పరకో తేడా వస్తుంది అన్నాడు.

*

గురువారం వాన వెలిసి ఎండ కాసింది. ఇద్దరూ అదే చోట అవే కుర్చీలు వేసుకుని, చేతుల్లోకి మీటర్లు తీసుకుని సిద్ధంగా కూర్చున్నారు. కూర్చునే ఉన్నారు.

కాసేపటికి ఒక కారు వచ్చింది. ఆమె మీట నొక్కింది. ఇంకాసేపటికి పాలవాన్ ఒకటి. తర్వాత బస్సు వచ్చింది, అందులో డ్రైవరూ, కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న ఒక ముసలాయనా. ఒక కుక్క నడిరోడ్డుకొచ్చి, అటూ ఇటూ చూసి, నిన్నటిదాకా కార్లు పాకిన చోట ఒళ్లు విరుచుకుని పడుకుంది. ఆమెకు మీటర్ పాడైందేమోనని అనుమానం వచ్చింది. ఉత్తినే ఒకసారి నొక్కి చూస్తే అంకె మారింది. ఆ దొంగ కారును కాగితం మీద విడిగా రాసి తీసేసింది.

“సెలవా ఇవాళ?” అన్నాడు బాబాయి కునుకులోంచి లేచి.

సెలవు కాదు. బందు కాదు. రోడ్డు ఎక్కడా తెగలేదు. ఆమె లేచి కూడలి నాలుగు దిక్కులా నడిచి చూసొచ్చింది. ట్రాఫిక్ దీపం ఎర్రగా మారి, పచ్చగా మారి, ఎవరూ లేకుండానే తన ఉద్యోగం తను చేసుకుంటోంది. అత్తగారి కొట్లోంచి మిషను చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తోంది. మంచినీళ్ల వంకతో అక్కడికి వెళ్లింది. అత్తగారు కిటికీలోంచి రోడ్డుకేసి చూస్తూ మిషను తొక్కుతోంది. సూది కింద గుడ్డ లేదు.

కోడల్ని చూసి గబుక్కున కాలు ఆపి, నూనె వేశాను, మిషను అలవాటు పడాలిగా అంది. నూనె వాసన మాత్రం రాలేదు. పాపం, కొట్టు పోతుందన్న దిగులుతో మనసు మనసులో లేదనుకుంది కోడలు. గ్లాసు కడిగి బోర్లించి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చింది.

సాయంత్రానికి లెక్క కాగితం నిండా ఖాళీ గళ్లే. బాబాయి దాన్ని తిరగేసి మరగేసి చూసి నిట్టూర్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. అనుభవం ఉన్నవాళ్లకు ఉండే పిరికితనం తప్ప ఆయనలో వంక పెట్టడానికేమీ లేదు.

“ఇది పట్టుకెళ్లి ఎవరికీ చూపించకు తల్లీ. పోయినేటి లెక్కకు కాస్త కలిపి రాసేద్దాం. అందరూ చేసేదే,” అన్నాడు.

“ఇది నిజం కదా బాబాయ్?”

“నిజమే. కానీ మీ అత్తగారి కొట్టు ఆ గీతలో ఉంది. ఈ లెక్క నీ నోట వచ్చిందంటే, అబద్ధాన్నైనా నమ్ముతారు గాని దీన్ని నమ్మరు.”

ఆ మాట ఆమెకు ములుకులా దిగింది. పాత లెక్క రాస్తే కొట్టు పోతుంది. కొత్త లెక్క చూపిస్తే తన పరువు పోతుంది, బహుశా కొట్టూ పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

*

రాత్రి భోజనాలకు కూర్చున్నారు. మొగుడు లిఫ్టులు బాగుచేసే పనివాడు. పెద్ద పెద్ద ఆఫీసు భవనాల లిఫ్టులన్నీ అతని చేతి కిందే ఉన్నాయి. చేతులకు ఎన్ని సార్లు సబ్బు రాసినా గ్రీజు వాసన పోదు, నోటికి ఎంత అన్నం పెట్టినా హుషారు తగ్గదు. ఇవాళ రోడ్డు ఎందుకలా ఉందో నీకేమైనా తెలుసా అని ఆమె అడిగితే, ఎలా ఉంది, ఎప్పట్లానే ఉందిగా అన్నాడు.

“నిన్న కార్లు పాకాయి. ఇవాళ కుక్క పడుకుంది.”

“నిన్న బుధవారం గదా మరి,” అన్నాడతను, సూర్యుడు తూర్పున పొడిచాడన్నంత మామూలుగా. “బుధవారం నా కాళ్లు నేలమీద ఆనవు. తక్కిన రోజులు లిఫ్టులో నేనూ, అద్దంలో నేనూ.”

ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అప్పుడు అతను విడమరచి చెప్పాడు. కంపెనీలు తమ మనుషులకు, మీ ఇష్టం వచ్చిన పల్లెలో ఉండండి, వారానికొక్కరోజు మాత్రం మొహం చూపించండి అన్నాయట. సోమవారమో శుక్రవారమో పెడితే సెలవులకు అతికించి ఎగ్గొడతారని, ఎవరో నడిమధ్యన బుధవారం పెట్టారు. వాళ్లు పెట్టారని పక్కవాళ్లూ పెట్టారు. ఏటా ఇంకో రెండు మూడు కంపెనీలు ఆ దారే పట్టాయి. భవనాలు ఆ ఒక్కరోజు తిరనాళ్లలా ఉంటాయి, మర్నాటికి బోసిపోతాయి. వాడుకునేవాళ్లు లేక లిఫ్టులు తుప్పుపడుతున్నాయి, అతను వాటిని రోజూ ఉత్తినే పైకీ కిందికీ తిప్పుతాడు.

“ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?” అంది ఆమె.

“బుధవారం రోడ్డుమీద కూర్చుని లెక్కపెట్టేదానివి నువ్వు. నీకు తెలియదని నాకెలా తెలుస్తుంది?”

నిజమే. తనే బుధవారం రోడ్డు చూసింది, తక్కిన రోజులు బస్సులో కునుకు తీసి, ఆఫీసు గదిలో నక్షాలు చూసింది. పోయిన ఏడాదీ అంతే, అంతకుముందూ అంతే. మామూలు రోజని పేరు పెట్టి, వారంలో ఏకైక వింతరోజును పట్టుకుని దానికి తగ్గ రోడ్డు కొలిచారు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక పొలమారింది. మొగుడు నెత్తిమీద తట్టి నీళ్లు తాగించాడు.

ఇందాకటినుంచి చప్పుడు చేయకుండా వడ్డిస్తున్న అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

“అయితే కొట్టు పోదంటావా?” అంది.

“పోనివ్వను అత్తయ్యా. రేపు సభలో ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ఎవరేమనుకున్నా సరే,” అంది కోడలు. అత్తగారు సరేనన్నట్టు తల ఊపి, కొడుక్కి అడగకుండానే రెండోసారి కూర వేసి వంటగదిలోకి వెళ్లిపోయింది.

*

శుక్రవారం ఆమె పెందలాడే ఆఫీసుకు వెళ్లేసరికి గేటు ఇంకా తీయలేదు. గేటు ముందు పెద్దింజనీరు కారు ఆపుకుని, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మనిషి బెదిరిపోయి ఉన్నాడు.

“ఏమైందమ్మా ఊళ్లో? పెద్దవాళ్లెవరైనా పోయారా?” అన్నాడు.

ఏమీ కాలేదంది ఆమె. ఆయన నమ్మలేదు. బుధవారం వచ్చినట్టే చీకటితో బయల్దేరాడట. ఊరి పొలిమేర నుంచి ఇక్కడిదాకా బ్రేకు మీద కాలు పడలేదట. శుక్రవారం ఈ రోడ్డుమీద చీమ దూరే సందుండేది కాదు, నా ఉద్యోగమంతా చూశాను గదా అంటూ మళ్లీ రోడ్డుకేసి చూశాడు. గురువారం లెక్క చేతిలోనే ఉంది. ఆమె అక్కడికక్కడే ఇవ్వబోయి ఆగింది. గేటు ముందు ఇస్తే అది గేటు మాటగానే పోతుంది, ఏమి చెప్పినా పదిమందిలోనే చెప్పాలి అనుకుంది.

ఎప్పుడూ బుధవారమే కూడే సభను, చివరి లెక్క అందాలని ఈసారి శుక్రవారానికి మార్చారు. దాని చరిత్రలో వేళకు మొదలైన రోజు లేదు. నగరసభ అధ్యక్షురాలి దగ్గర్నుంచి టీ తెచ్చే మనిషి దాకా, ఎవరు ఆలస్యంగా వచ్చినా ట్రాఫిక్ అనేవారు, తక్కినవాళ్లు సానుభూతిగా తల ఊపేవారు. అలాంటిది ఆ రోజు అందరూ ముందే వచ్చి కూర్చున్నారు. చేయడానికి పని లేక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. టీ ఇంకా రాలేదు. తెరమీద రోజూ చూసుకునే మొహాలు ఇలా దగ్గరగా కూర్చునేసరికి కొంచెం బిడియంగా కూడా ఉన్నట్టుంది.

ఆమె లేచి నిలబడింది. ముందుగా, కూల్చబోయే వరసలో చివరి కొట్టు మా అత్తగారిది అని చెప్పింది. ఆ తర్వాత గురువారం లెక్క చదివింది. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఖర్చుల వ్యవహారం చూసే అధికారి చిన్నగా దగ్గి, అత్తగారి మీద అభిమానం ఉండాల్సిందేలెండి అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. బాబాయి గొడుగు పిడిని గట్టిగా పట్టుకుని నేలచూపులు చూశాడు.

“నా లెక్క పక్కన పెట్టండి. ఇవాళ మీరందరూ ఇంత తొందరగా ఎలా రాగలిగారు?” అంది ఆమె.

ఖర్చుల అధికారి నోరు తెరిచి, జవాబు తట్టి, నోరు మూసుకున్నాడు. అప్పుడామె కంపెనీల బుధవారం సంగతి చెప్పింది, లిఫ్టుల సంగతి చెప్పింది. నడిరోడ్డున పడుకున్న కుక్క సంగతి చెబుతుంటే అధ్యక్షురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దింజనీరు మాత్రం నవ్వలేదు. అద్దాలు తీసి తుడుచుకుని, మనలో ఈ ఊళ్లో కాపురం ఉంటున్నవాళ్లెవరు, చేతులెత్తండి అన్నాడు. చిన్నింజనీరూ, గొడుగు బాబాయీ, అప్పుడే టీ తెచ్చిన మనిషీ చేతులెత్తారు. ఊరి రోడ్లు నిర్ణయించే సభలో ఆ ముగ్గురు తప్ప అందరూ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. ఆయన తనూ ఎత్తబోయిన చేతిని మధ్యలో దించేసుకున్నాడు.

“నేనూ బుధవారం మనిషినే అమ్మా. నన్ను నేనే లెక్కపెట్టుకుని, నాకోసమే రోడ్డు వేయబోయాను,” అన్నాడు.

ఆ పెద్దమనిషిలో పెద్దరికం అక్కడుంది. తప్పు ఒప్పుకున్నాక దాన్ని పట్టుకుని కూర్చోలేదు, వెంటనే పనిలో పడ్డాడు. ఒక్కరోజు ఇరుకు కోసం వీధి వీధంతా పడగొట్టడం దండగ, కంపెనీలను కూర్చోబెట్టి రోజులు పంచుకోమంటే పోతుంది అన్నాడు. కెమెరాలు వారమంతా కళ్లు తెరవాలి. ఖాళీ పడ్డ భవనాల్లో ఎవరుండాలో, సగం ఖాళీగా తిరిగే బస్సులు ఎటు పోవాలో కొత్తగా ఆలోచించాలి. అసలు ఇరుకు పల్లెల్లో ఉంది, మా ఊరి వాగు వంతెన మీద సామాన్ల వ్యాన్లు ఎదురెదురుగా వచ్చి రోజూ పోట్లాటలే, అక్కడ ఎవరూ ఏనాడూ కుర్చీ వేసుకుని లెక్కపెట్టలేదు అన్నాడు. తక్కినవాళ్లకూ ఎవరి ఊరి వంతెన వాళ్లకు గుర్తొచ్చింది. ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. తీర్మానం రద్దయింది. వంతెన లెక్క వారం పొడుగునా చిన్నింజనీరే చూడాలన్నారు. బాబాయి గొడుగు తెరిచేంత సంబరపడ్డాడు గాని, గదిలో ఉన్నామని గుర్తొచ్చి ఆగాడు.

*

గీత గీయడానికి పిలవకుండా వచ్చిన రంగుపనివాళ్లు చెరపడానికి పిలిచినా రారు. ఆమె ఆ సాయంత్రమే రంగు పోగొట్టే టర్పెంటైన్ సీసా కొనుక్కుని, పాతగుడ్డ పట్టుకుని వీధికొచ్చింది. మొదట తాళాలాయన గోడమీద గీత తుడిచింది. సంగతి విని ఆయన ఈసారి ఆమె మొహంలోకి చూసి నవ్వాడు, తనే గుడ్డ లాక్కుని అద్దాలాయన గోడకు పోయాడు. చెప్పులాయన ఇంకో గుడ్డ తెచ్చాడు. వీధిలో పండగలా ఉంది. చివరికి ఆమె అత్తగారి గోడ దగ్గరికొచ్చి, గుడ్డ తడిపి గీత మీద పెట్టింది.

“అది తుడవకు,” అంది వెనక నుంచి అత్తగారు.

కోడలు తిరిగి చూసింది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. నోట్లో సూదుల్లేవు. కొట్టు పోదు అత్తయ్యా, తీర్మానం కొట్టేశారు అని మళ్లీ చెప్పింది, వినపడలేదేమోనని.

“విన్నాను. అందుకే ఏం చేయాలో తోచడంలేదు,” అంటూ అత్తగారు గుమ్మం మీదే చతికిలబడింది. “మంగళవారం ఆ గీత చూసి నా గుండెల మీద బరువు దిగిందే అమ్మాయ్. నీకు చెబితే ఏమనుకుంటావోనని నోరు కుట్టేసుకున్నాను.”

కోడలు గుడ్డ పట్టుకుని అలాగే పక్కన కూలబడింది. అత్తగారు ఒక్కసారి మొదలుపెట్టాక ఆపలేదు. బుధవారం తప్పితే మనిషి గడప తొక్కడు. తక్కిన రోజులు గోడలతో మాట్లాడుకోవాలి, మిషను ఉత్తినే తొక్కుకోవాలి, ఇరుగుపొరుగు జాలిపడకుండా. బొత్తాలు ఊడేవాళ్లందరూ పల్లెలకు పోయారు. ఆ వాగు వంతెన అవతలి ఊరి వాళ్లు, నువ్వే వచ్చెయ్యకూడదా అని ప్రతి బుధవారం పిలుస్తున్నారు. బడి పక్కన ఒక గది కూడా చూసిపెట్టారు. రెండు వైపులా కిటికీలట, పొద్దంతా వెలుతురట. చెబుతుంటే ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా అయింది.

“మరి వెళ్లలేదేం?” అంది కోడలు.

“ఎలా వెళ్లను? మీ మావయ్య ఇటుక ఇటుక మోసి కట్టారు. దీన్ని నా చేత్తో మూసి పోతే ఆయన్ని వదిలేసి పోయినట్టుంటుంది. మీ ఆఫీసే పడగొడితే, నేనేం చేసేది, రోడ్డు వాళ్లు కూల్చేశారు అని ఆయనకు చెప్పుకుని ఏడ్చి పోయేదాన్ని. నువ్వేమో నిజం చెప్పి నా కొంప నిలబెట్టావు.”

అంటూనే నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఈ నాలుగు రోజులూ తను దేనికోసం కుమిలిపోయిందో, ఆవిడ దానినుంచే విడుదల కోరుకుందన్నమాట. ఒకే కప్పు కింద ఉంటూ, ఒకరికోసం ఒకరు నోరు మూసుకుని, ఎంత తెలివితక్కువ పని చేశారు ఇద్దరూ.

ఆమె గుడ్డ అవతల పడేసి లేచింది.

“తాళంచెవి ఇలా ఇవ్వండి.”

“ఎందుకే?”

“ఇవ్వండి అత్తయ్యా.”

ఇద్దరూ కలిసి మిషను మోసి బయటపెట్టారు. ఆపాటికి పనినుంచి వచ్చిన మొగుడు ఏమిటీ గొడవ అనబోయి, వాళ్ల మొహాలు చూసి, ఏమీ అడక్కుండా దారపు కండెల డబ్బాలు మోశాడు. మావగారి పెద్ద కత్తెరను అత్తగారు గుడ్డలో చుట్టి తన సంచిలో పెట్టుకుంది. సామాను అంతా బయటికొచ్చాక కోడలు ఆవిడ భుజాలు పట్టుకుని రోడ్డువైపు తిప్పి నిలబెట్టింది.

“ఇటు చూడకండి,” అంది.

అత్తగారు నడిరోడ్డున వీపు తిప్పుకుని, చిన్నపిల్లలా కళ్లు గట్టిగా మూసుకుని నిలబడింది. బండ్లేవీ రాలేదు. వెనక షట్టర్ గరగరా దిగింది. ఎన్నడూ దించి ఎరగని చెయ్యి గనక సగంలో బిగుసుకుంటే, కోడలు బలమంతా పెట్టి కిందికి తొక్కింది. తాళం పడిన చప్పుడైంది. అత్తగారు ఇటు తిరిగింది.

“ఎవరే కొట్టు మూసింది?” అని అడిగింది, వీధంతా వినపడేంత గట్టిగా.

“నేనే అత్తయ్యా.”

అత్తగారు తల పైకెత్తి ఆకాశంకేసి చూసింది.

“విన్నారుగా? కోడలు మూసింది. నన్నేమీ అనకండి,” అని, సంచి భుజానికి వేసుకుని, ముందు మిషనుకు ఒక కొస నువ్వు పట్టు అని కొడుకును కసిరింది.